పిల్లల పక్కన కూర్చునే పెద్దలు కావాలి

(కారంచేడులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు ప్రస్తావనకు వస్తాయి. అవి మనకు అవసరమే, కాదనను. ఈ రోజు మాత్రం కార్యదర్శి గారు నాకిచ్చిన పావుగంటను వేరే పనికి వాడుకుంటాను. ఈ విషయం నలుగురిలో మాట్లాడటానికి మన తరం వాళ్ళకు నోరు రాదు. పైగా సోదరీమణులు కూడా ఉన్న సభ. అయినా మాట్లాడక తప్పదు. పెద్దలు మాట్లాడకపోవడం వల్లనే ఈ బాధ పెరుగుతున్నది.

విషయం చిన్నపిల్లల మీద జరిగే అత్యాచారాలు, దౌర్జన్యాలు. ఆ పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ మనలాంటి వాళ్ళం ఏం చేయగలం అన్నది.

ముందు ఒక లెక్క చెబుతాను. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రకటించింది. అప్పుడు ఆ శాఖ మంత్రి మన తెలుగు ఆడపడుచు రేణుకా చౌదరి గారు. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను కలిసి అడిగారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగికమైన వేధింపుకు గురయ్యామని చెప్పిన పిల్లలు నూటికి 53 మంది. వారిలో సగానికి పైగా మగపిల్లలు. ఆడపిల్ల సంగతే ఆలోచిస్తూ మగపిల్లవాడిని మనం పట్టించుకోవడం లేదన్న మాట. ఇంకొక సంగతి, ఎక్కువ మంది పిల్లలు ఈ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చేసినవాడు తెలిసినవాడు కనుక. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు చూడండి. పిల్లలపై అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆ పిల్లకు ఎరిగినవాళ్ళే. బంధువు, ఇరుగుపొరుగు, ఇంటికొచ్చి పోయే స్నేహితుడు, పాఠం చెప్పేవాడు, పనిలో పెట్టుకున్నవాడు. ముసుగు వేసుకుని రాత్రిపూట వచ్చే దొంగ కాదు. పగటిపూట వచ్చి మంచినీళ్ళు అడిగి తాగి, కుశల ప్రశ్నలు వేసి వెళ్ళేవాడు. అందుకే పిల్ల నోరు తెరవలేదు. ధైర్యం చేసి తెరిచినా ఇంట్లోవాళ్ళు నమ్మరు. నమ్మినా బయటికి చెప్పరు. చెబితే మొదట వచ్చేది పోలీసులు కాదు, పెద్దమనుషులు.

ఇక్కడే మన ప్రసక్తి వస్తుంది. ఊళ్ళో పెద్దమనుషులు ఎవరు? రిటైరైన హెడ్మాస్టరు గారు, రిటైరైన తహసీల్దారు గారు, నాలాంటి రిటైరైన గుమాస్తా. మాట్లాడటానికి ఇద్దరు, కాగితం రాయడానికి ఒకరు. "ఆడపిల్ల భవిష్యత్తు", "రెండు కుటుంబాల పరువు", "కోర్టుల చుట్టూ తిరగలేరు" అని ఇంత సొమ్ము ఇప్పించి, స్టాంపు కాగితం మీద రాజీ రాయించి, ఊరికి మేలు చేశామని ఇళ్ళకు పోతారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అదే వీధిలో ఆ మనిషికి ఎదురుపడుతూ బ్రతకాలి.

చట్టం దీనికి ఒప్పుకోదు. 2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమలులో ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వర్తిస్తుంది. దాని 19వ సెక్షను ప్రకారం ఇటువంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షను ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే రాజీ చేయడానికి కూర్చున్న పెద్దమనిషి, సంగతి తెలిసీ దాచినందుకు తానే ముద్దాయి కావచ్చు. కేసు పెట్టిన తరువాత రాజీ చేసుకుని కొట్టివేయించుకుందామన్నా కుదరదు. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. రెండు కుటుంబాలు సర్దుకున్నంత మాత్రాన పిల్లపై జరిగిన నేరం మాసిపోదు, అది సమాజం మీద జరిగిన నేరమని చెప్పింది. కాబట్టి మిత్రులారా, నా మొదటి మనవి ఇదే. రాజీ కాగితం రాసే చేయి మన సంఘ సభ్యుడిది కాకూడదు.

ఇక మన ఊరి మాట. కారంచేడు అన్న పేరు దేశమంతా ఎందుకు ఎరుగునో మీకు చెప్పక్కరలేదు. చెప్పుకోవడం కొందరికి ఇబ్బంది కావచ్చు. అయినా ఈ విషయంలో చెప్పుకోవలసిందే. 1985 జూలై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది. మంచినీటి చెరువు దగ్గర మొదలైన తగాదా మర్నాటికి హత్యాకాండ అయింది. ఆరుగురిని చంపారు. ఆడపిల్లలపై అత్యాచారాలు జరిగాయి. వందలాది మంది కట్టుబట్టలతో చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 2008 డిసెంబరులో. అంటే 23 సంవత్సరాలు. ఆనాడు పదేళ్ళ పిల్ల ఆనాటికి ముప్పై మూడేళ్ళ మనిషి అయింది. ఇన్నేళ్ళూ సాక్ష్యం నిలబడాలంటే, ధైర్యం చెడకుండా ఉండాలంటే, పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. పొన్నూరులో సంస్కృతం చెప్పుకునే అధ్యాపకుడు కత్తి పద్మారావు గారు వచ్చారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని బొజ్జా తారకం గారు వచ్చారు. ఊరూపేరూ తెలియని ఎందరో వచ్చి శిబిరంలో పనిచేశారు. ఆ ఉద్యమం తరువాత నాలుగేళ్ళకు, 1989లో, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దెబ్బ తిన్నవాళ్ళకు మొదట కావలసింది తోడు. చట్టం తరువాత వచ్చింది, తోడు ముందు వచ్చింది. ఈ పాఠం మన ఊరే నేర్పింది.

ఇప్పుడు చట్టం ఉన్నది. మంచి చట్టమే. పిల్ల పోలీసు స్టేషనుకు పోనక్కరలేదు. ఇంటి దగ్గర గానీ, పిల్ల కోరిన చోట గానీ వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫారం వేసుకోకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషనులో ఉంచకూడదు. ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే అయి ఉండాలి. తల్లి గానీ, పిల్లకు నమ్మకమున్న మనిషి గానీ దగ్గర ఉండాలి. వైద్యం చేయడానికి ముందు పోలీసు కాగితం తెమ్మని ఆస్పత్రి అడగకూడదు. కోర్టులో తలుపులు మూసి విచారించాలి. పిల్లకు నిందితుడు కనపడకుండా తెర గానీ వీడియో గానీ ఏర్పాటు చేయాలి. మధ్యమధ్య విరామం ఇవ్వాలి. మాటిమాటికీ పిలిపించకూడదు. కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ పూర్తి కావాలి.

ఇదంతా పుస్తకంలో ఉంది. మనం సర్వీసులో ఉన్నప్పుడు ఎన్ని జి.వో.లు చూశాం! జి.వో.లో ఉన్నదంతా కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి అందిందా? అడిగేవాడు ఉంటే అందింది. అడగడం తెలియనివాడికి అందలేదు. ఇదీ అంతే.

రెండేళ్ళకు పైగా ఒక కుటుంబంతో నేను తిరిగాను. వారి ఊరు, పేరు, కులం, పిల్ల వయస్సు ఏదీ చెప్పను. చెప్పడం నేరం కూడాను. పిల్ల ఎవరో ఆనవాలు తెలిసే ఏ వివరమూ బయటపెట్టరాదని చట్టం. మీరెవరూ ఊహించవద్దు, నన్ను పక్కకు పిలిచి అడగవద్దు. ఆ తల్లి కూలి పని చేసుకునే మనిషి. వాయిదా రోజున కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. అదే బస్సులో నిందితుడి తరఫువాళ్ళు ఎక్కి వెనక సీట్లో కూర్చుని ఏదో ఒకటి అంటూ ఉంటారు. కోర్టుకు చేరితే వాయిదా పడిందని చెబుతారు. మూడోసారి అలా జరిగినప్పుడు "ఇంక నావల్ల కాదు బాబాయి గారూ, వదిలేస్తాను" అన్నది. ఆ మాట అన్నది కేసు బలహీనమై కాదు. అలసిపోయి.

నేను లాయరును కాను, డాక్టరును కాను. నేను చేసిందల్లా గుమాస్తా పని. ఒక అట్ట ఫైలు కొని, ట్యాగు వేసి, ఎఫ్.ఐ.ఆర్. నకలుతో మొదలుపెట్టి ప్రతి కాగితం వరుసగా పెట్టాను. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వవలసినదే, అడిగి తీసుకున్నాం. ముందొక కాగితం మీద తేదీ, ఎవరిని కలిశాం, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అని రాసుకుంటూ వచ్చాను. ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకున్నాను. వాయిదాకు ముందు రోజు ప్రభుత్వ న్యాయవాది ఆఫీసులో వాకబు చేసి, పిల్ల అవసరం ఉంటేనే పిల్లను తెచ్చాం. బస్సులో వెనక సీటు వాళ్ళకూ ఈ తల్లీపిల్లలకూ మధ్య నేను కూర్చునేవాణ్ణి. ఎవరినీ ఏమీ అనలేదు. తెల్లజుట్టు మనిషి ఒకడు మధ్యలో కూర్చుంటే నోళ్ళు వాటంతట అవే తగ్గాయి. మజ్జిగ సీసా, బిస్కట్ల పొట్లం, బొమ్మలు వేసుకోవడానికి ఒక నోటుపుస్తకం సంచిలో ఉండేవి. తీర్పు సంగతి నేను చెప్పను. ఆ పిల్ల బడి మానలేదు. నాకు తెలిసి ఆ ఇంటికి దక్కిన పెద్ద ఫలితం అదే.

ఇక మన గుమాస్తా విద్య అక్కరకు వచ్చే కొన్ని చోట్లు వివరంగా చెబుతాను. ఉపన్యాసంగా కాక, ఆఫీసు నోటు లాగా వినండి.

మొదటిది వయస్సు. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండలేదని రుజువైతేనే పోక్సో. ఎదుటి పక్షం మొదట కొట్టేది ఇక్కడే. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షను వరుస చెబుతుంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఈ వరుసలో లేదు. మన ఊళ్ళలో బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక స్పెల్లింగు, ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇవన్నీ ముందే సరిచేయించడం ఎవరి పని? పాఠశాల రికార్డు తెలిసిన రిటైర్డు ఉపాధ్యాయుడి పని. జనన మరణ రిజిస్టరు చూసిన మన పంచాయతీ, రెవిన్యూ వాళ్ళ పని.

రెండవది పరిహారం. నిందితుడికి శిక్ష పడేదాకా ఆగనక్కరలేదు. ఎఫ్.ఐ.ఆర్. నమోదైన తరువాత ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. జాతీయ న్యాయసేవల సంస్థ 2018లో చేసిన పథకంలో అత్యాచారానికి పరిహారం కనీసం 4 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు అని ఉంది. బాధితురాలు మైనరు అయితే ఆ పరిమితి యాభై శాతం ఎక్కువ. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చేరాలి. లాయరును ఉచితంగా ఇచ్చేదీ ఆ సంస్థే. నేను చెప్పిన కుటుంబం కాగితం ఒక ఆఫీసులో బ్యాంకు ఖాతా సరిగా లేదని రెండు నెలలు ఆగింది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. ఒక రిమైండరుతో తేలిపోయిన పని. రిమైండరు రాయడం మనకు ఎవరైనా నేర్పాలా?

మూడవది ఇల్లు గడవడం. కొన్ని కేసుల్లో నిందితుడు ఆ ఇంటి సంపాదనపరుడే అయి ఉంటాడు. వాడు జైలుకు పోతే పొయ్యి వెలగదు. అప్పుడు తల్లి మాట మార్చిందని లోకం నిందిస్తుంది. ఆకలి మాట మార్పించిందని గ్రహించదు. బాలల సంక్షేమ సమితి తిండికి, బట్టలకు, ప్రయాణానికి వెంటనే కొంత సొమ్ము ఇప్పించమని సిఫారసు చేయవచ్చు. అర్హులైన పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదని నిబంధన. ఆదాయ ధ్రువపత్రం, బడి ధ్రువపత్రం కావాలి. మళ్ళీ కాగితాలే.

నాలుగవది ఎవరి దగ్గరకు పోవాలో తెలియడం. పిల్ల ఆపదలో ఉంటే 1098కి ఫోను చేయాలి. 1996లో బొంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రయోగంగా మొదలైన సేవ అది. 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతూ అత్యవసర నంబరు 112తో కలిపింది. పోలీసులు ఇటువంటి ప్రతి కేసునూ 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. ఆ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారికి ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడిన తరువాత మనవాళ్ళు ఎక్కడికి పోవాలో తెలియక ఒంగోలుకు కొందరు, బాపట్లకు కొందరు తిరిగారు. ఇలాంటి దారి చూపడం చిన్న పని కాదు.

పోక్సో నియమాల్లో సపోర్ట్ పర్సన్ అని ఒక ఏర్పాటు ఉంది. తోడు మనిషి అనుకోండి. పిల్ల, తల్లిదండ్రుల సమ్మతితో బాలల సంక్షేమ సమితి నియమిస్తుంది. దర్యాప్తు మొదలు తీర్పు దాకా ఆ మనిషి కుటుంబానికి అండగా ఉండాలి. ఈ హక్కు ఉన్నదని ప్రతి కేసులోనూ తల్లిదండ్రులకు తెలియజేయాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అధికారికంగా నియమించే వారికి చదువు, అనుభవం అర్హతలుగా పెట్టారు. కనుక మనమందరం ఆ హోదాలోకి వస్తామని నేననడం లేదు. కాని 2020 నాటి నియమాల్లోనే ఇంకొక మాట కూడా ఉన్నది. పిల్లా, తల్లిదండ్రులూ తమకు నచ్చిన ఏ వ్యక్తి సహాయమైనా, ఏ సంస్థ సహాయమైనా తీసుకోవడానికి ఈ నియమాలు అడ్డురావు. ఆ తలుపు మన కోసం తెరిచే ఉంది.

ఇది ఎక్కడా జరగని వింత పని కాదు. విజయవాడలో 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలిని గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గారు దశాబ్దాల పాటు నడిపి ఎందరో స్త్రీలకు, పిల్లలకు నీడ ఇచ్చారు. తెలంగాణలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్, పనిలో ఉన్న పిల్లలను బడికి తేవడానికి ఊరూరా బాలల హక్కుల పరిరక్షణ వేదికలు పెట్టించింది. అందులో ఉన్నది ఆ ఊరి మనుషులే. హైదరాబాదులో 2016లో పోలీసు శాఖ భరోసా కేంద్రం పెట్టింది. పోలీసు, డాక్టరు, కౌన్సెలరు, న్యాయ సలహా ఒకే చోట దొరికేటట్లు చేశారు. పిల్ల ఒకే సంగతి నలుగురికీ నాలుగు సార్లు చెప్పే బాధ తగ్గించడమే దాని ఉద్దేశం. మన పిల్లలూ మనవలూ ఉన్న అమెరికాలో 1977లో సియాటిల్ నగరంలో డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి ఒక పద్ధతి ప్రారంభించారు. పెంపకం సరిగాలేని, హింసకు గురైన పిల్లల కేసుల్లో మామూలు పౌరులకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్కరిని కోర్టు తరఫున తోడుగా నియమించడం. అది ఆ దేశమంతా వ్యాపించింది. ఆ పనిలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలామంది ఉంటారు. తీరిక ఉండేది వాళ్ళకే కదా!

ఇక చేయకూడని పనులు. ఇవి చేయవలసిన వాటికంటె ముఖ్యం.

పిల్లను "ఏం జరిగిందమ్మా" అని అడగవద్దు. అడగవలసినవారు అడుగుతారు. పిల్ల తానై చెబితే వినండి. "నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేశావు" అనండి. అంతే. సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పవద్దు. దానివల్ల కేసు పాడవుతుంది. వాడికి శిక్ష పడి తీరుతుందని వాగ్దానం చేయవద్దు. ఆ కుటుంబం డబ్బు మన చేతిలో పట్టుకోవద్దు. విలేఖరితో మాట్లాడవద్దు, ఫొటో తీయవద్దు, సెల్‌ఫోను గ్రూపుల్లో ఒక్క ముక్క పెట్టవద్దు. పిల్లతో ఎప్పుడూ ఒంటరిగా ఉండవద్దు. ఆడపిల్ల వద్దకు మన సోదరీమణులే ముందు వెళ్ళాలి. మన సంఘంలో రిటైరైన నర్సులు, టీచరమ్మలు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఉన్నారు. మగవాళ్ళం కోర్టు వరండాలో, ఆఫీసుల్లో, బస్సులో ఉపయోగపడదాం.

ఇంకొక మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఈ పనికి వచ్చే ప్రతి సభ్యుడి గురించీ పోలీసు విచారణ చేయించాలి. "నలభై ఏళ్ళు మచ్చ లేకుండా సర్వీసు చేసినవాణ్ణి, నా మీదే అనుమానమా" అని నొచ్చుకోవద్దు. పిల్లలను పాడుచేసేవాళ్ళు ఎక్కువగా నమ్మకస్తులైన పెద్దమనుషుల వేషంలోనే వస్తారని ఇందాక చెప్పుకున్నాం. కనుక ఆ పరీక్షకు ముందు మనమే నిలబడాలి. ఉద్యోగంలో చేరినప్పుడు పూర్వాపర విచారణ జరగలేదా? ఇదీ అలాగే అనుకుందాం. మొదట నా పేరే ఇస్తున్నాను.

కొందరు మిత్రులు వేసే ప్రశ్నలకు సమాధానం చెప్పి ముగిస్తాను.

"అబద్ధపు కేసులు లేవా?" ఉండవచ్చు. పదిహేడేళ్ళ పిల్లా, ఇరవై ఏళ్ళ కుర్రవాడూ ఇష్టపడి వెళ్ళిపోతే పెద్దవాళ్ళు పెట్టే కేసులూ ఈ చట్టం కిందికే వస్తున్నాయి. దాని మీద కోర్టుల్లో పెద్ద చర్చే జరుగుతున్నది. కాని నిజమేదో తేల్చడం న్యాయమూర్తి పని. మనది కాదు. ఏ కేసులోనైనా భయపడిన పిల్ల ఒకరు ఉంటారు. ఆ పిల్ల పక్కన కూర్చోవడానికి తీర్పు దాకా ఆగనక్కరలేదు.

"ఊళ్ళో విరోధాలు వస్తాయి కదా?" వస్తాయి. రాకుండా ఉండవు. ముఖ్యంగా బాధితులు ఒక కులం, నిందితులు ఒక కులం అయినప్పుడు. అందుకే ఒక్కరుగా వెళ్ళవద్దు, సంఘం తరఫున ఇద్దరిద్దరుగా వెళ్ళండి. మన సంఘంలో అన్ని కులాలవాళ్ళం ఉన్నాం. నలభై ఏళ్ళు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. బాధితుల పక్కన కూర్చునే ఇద్దరిలో ఒకరు ఎదుటి వీధివారై ఉంటే, ఆ ఒక్క సంగతే ఊరికి చాలా చెబుతుంది. 1985లో ఈ ఊళ్ళో కరువైంది ఆ ఒక్కటే.

"మన వయస్సుకు ఓపిక ఎక్కడిది?" రోజంతా ట్రెజరీ వరండాలో కూర్చున్న ఓపిక మనది. కోర్టు వరండా అంతకంటె కష్టమా? నెలకు ఒక రోజు చాలు. పది మంది పేర్లిస్తే ఒక్కొక్కరికి నెలకు ఒక్క వాయిదా కంటె ఎక్కువ రాదు.

కనుక సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, పిల్లలపై నేరాల విషయంలో మన సభ్యులెవరూ రాజీ పంచాయితీలో కూర్చోరాదని, కాగితం రాయరాదని తీర్మానం. రెండు, ఈ పనికి ముందుకు వచ్చే వారి పేర్లు నమోదు చేసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికీ న్యాయసేవాధికార సంస్థకూ రాసి, వారి చేత మనకు శిక్షణ ఇప్పించమని కోరడం. మూడు, మన సంఘం గదిలో వారానికి ఒక పూట ఇటువంటి కుటుంబాల అర్జీలు రాసిపెట్టడానికి ఇద్దరు కూర్చోవడం. తలుపు మూసిన గది, కాఫీ, కాగితం, కలం ఉంటే చాలు.

రిజిస్టరు కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. మొదటి గడిలో నా పేరు రాశాను. రెండవ గడి ఖాళీగా ఉంది. సభ ముగిశాక భోజనానికి వెళ్ళే ముందు ఒకసారి చూసి వెళ్ళండి.